రెండో ప్లేటు

‘ఎర్రది’ నవల, తొమ్మిదో వారం

పోయిన వారం కథను ఒక చప్పుడు దగ్గర ఆపాను. అదేం చప్పుడో చెప్పి ఆపితే నీ సొమ్మేం పోయిందని తిట్టుకున్నవాళ్లున్నారు. తిట్టుకోండి, నాకేం కోపం లేదు. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

వెలిమెల శ్రావణ్‌కుమార్ దగ్గర జపాన్‌వాళ్లు చేసిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటుంది. అంతకు ముందు దాన్ని వాడిన మహానుభావుడు నిండు వానలో, నడుము లోతు నీళ్లలో నడిపి ఇంజన్ పాడు చేశాడు. దానికి సామాన్లు ఇక్కడ దొరకవు. అలాంటి సమయంలో శ్రావణ్‌కుమార్ ఒక తుక్కు దుకాణంలో, వెనక నుంచి లారీ గుద్దిన జర్మన్ కారులోంచి విప్పిన ఆరు సిలిండర్ల ఇంజన్ చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని దీంట్లో పెట్టి, లారీ మీద ఎక్కించి, తమిళనాడులో రేసులు జరిగే ట్రాకుకు తీసుకుపోయి ఒక్కసారి కసిదీరా నడపాలని ఆయన కోరిక. నలుగురు మెకానిక్‌లు తల అడ్డంగా ఊపారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కొత్తగా షెడ్డు పెట్టుకున్న సృజన మాత్రం ఇంజన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, టేపు పెట్టి కొలిచి, అవుతుంది అంది.

మొన్న గురువారం ఇంజన్ మొదటిసారి స్టార్టయింది. పైన రేకులు అదిరాయి. పక్క షెడ్డులోంచి బిహార్ వెల్డర్లు పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో సృజన క్లచ్ తొక్కింది. తొక్కగానే లోపలి నుంచి సన్నగా ఒక కూత. కాలు తీస్తే ఆగింది. మళ్లీ తొక్కితే మళ్లీ కూసింది. అక్కడ ఆపాను.

ఇప్పుడు శనివారం, పగలు పదకొండు గంటలు. షెడ్డులో సృజన ఒక్కతే ఉంది. గేర్‌బాక్స్ విప్పి పక్కన పెట్టి ఉంది. నేల మీద ఒకటి కాదు, రెండు ప్లేట్లు ఉన్నాయి. ఈ వారం గొడవంతా ఆ రెండో ప్లేటుదే.

అసలు ప్లేటెందుకంటారా? ఇంజన్ జర్మనీది, గేర్‌బాక్స్ జపాన్‌ది. దీని బోల్టు రంధ్రాలు దానికి కలవవు. అందుకని రెంటి మధ్య వేలెడంత మందం అల్యూమినియం ప్లేటు వేస్తారు. అది ఒక మొహం ఇంజన్‌కు, ఇంకో మొహం గేర్‌బాక్స్‌కు బిగుస్తుంది. వినడానికి ఇంతే. కానీ ఇంజన్ షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు రెండూ ఒకే గీత మీద తిరగాలి. వెంట్రుక మందం కంటే ఎక్కువ పక్కకు జరిగాయో, మధ్యలో ఉన్న చిన్న బేరింగు నలిగిపోతుంది. అది నలిగితే మొదట కూత వస్తుంది. పట్టించుకోకుండా ట్రాకు మీద నూట యాభైలో పోతే గేర్‌బాక్సే ముక్కలై నడిపేవాడి కాళ్ల మీదికి వస్తుంది.

మొదటి ప్లేటు చేసింది సృజన తండ్రి ఐలన్న. కొండాపూర్ మండలంలో ఊరివాళ్ల పొలాల్లో కూలి చేస్తూ పెరిగినవాడు, బొల్లారంలో మందుల ముడిసరుకు చేసే కంపెనీలో హెల్పరుగా చేరి, ఫిట్టరై, ముప్ఫై ఒక్క ఏళ్లు పని చేశాడు. ఐలన్న బిగించిన జాయింటు చుక్క కారదని కంపెనీ బస్సుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషి నాలుగేళ్ల కింద, రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుండగానే పని మానేసి ఇంటికొచ్చాడు. వచ్చి మంచంలో కూర్చున్నాడు, అంతే. టీవీ మోగుతుంటుంది, ఆయన చూడడు. భార్య మొగులమ్మ పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఇల్లు నాలుగేళ్లు అలాగే నడిచింది.

ఈ ప్లేటు పని మనిషిని లేపింది. మూడు వారాల పాటు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూతురి కంటే ముందే షెడ్డు తాళం తీశాడు. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని మొగులమ్మ మీద కసురుకున్నాడు. ఆ కసురు విని ఆ పిచ్చితల్లి వంటింట్లోకి పోయి సంతోషం పట్టలేక ఏడ్చింది. నాలుగేళ్ల తరువాత మొగుడికి నాలుక మీద రుచి తెలిసింది మరి.

ఇప్పుడు ఆ ప్లేటే తప్పని తేలింది.

గురువారం ఆ కూత ఐలన్న కూడా విన్నాడు, బేరింగేమో చూడమన్నాడు. సాయంత్రం ఆయన, మొగులమ్మ చుట్టాలింట్లో పుట్టువెంట్రుకలని ఊరికి పోయారు. ఆదివారం దాకా రారు. శుక్రవారం సృజన వెల్డర్ల సాయంతో గేర్‌బాక్స్ దించి చూస్తే చిన్న బేరింగు నీలంగా మాడి ఉంది. డయల్ గేజీ తెచ్చి ఇంజన్ షాఫ్టుకు తగిలించి, ప్లేటు నడిమి రంధ్రం లోపలి అంచు మీద ముల్లు ఆనించి చుట్టూ తిప్పింది. గేజీ మీద ఒక గీత అంటే మిల్లీమీటరులో నూరో వంతు. పన్నెండు గీతల దాకా పరవాలేదు. ముల్లు చెప్పింది వేరు. ప్లేటు ఎడమకు ఇరవై రెండు గీతలు, పైకి పద్దెనిమిది గీతలు జరిగి ఉంది.

ఎలా జరిగిందో కూడా సృజనకు అప్పుడే అర్థమైంది. ఐలన్న ఇంజన్ మొహం కొలత తీసింది స్కేలుతో కాదు, పైపు జాయింట్ల మధ్య చుక్క కారకుండా పెట్టే గ్యాస్కెట్ కోసే పద్ధతిలో తీశాడు. మందపాటి షీటును మొహం మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంబడి టకటకా కొట్టుకుంటూ పోతే ఆ రంధ్రాలన్నీ షీటులో అచ్చుగా తెగుతాయి. బొల్లారంలో ఏ ఫిట్టరైనా చేసేది అదే. పైపు జాయింటుకు అర మిల్లీమీటరు లెక్కలోది కాదు, గ్యాస్కెట్ నొక్కుకుని సర్దుకుంటుంది. ఇంజన్ సర్దుకోదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక్క చుక్క కారనివ్వని చేయి, అదే అలవాటుతో ఇక్కడ తప్పులో కాలేసింది.

ఇది నాయినకు ఎలా చెప్పాలి? చెబితే గడ్డం గీయడం మానేస్తాడు, మళ్లీ మంచంలో కూర్చుంటాడు, ఈసారి లేవడు. సృజనకు కళ్ల ముందు ఆ మంచమే కనిపించింది. అందుకని ఒక పని చేసింది. ఎడమకు ఎంత, పైకి ఎంత అన్నది డ్రాయింగులో సరిచేసి, కంప్యూటరు నడిపే సిఎన్‌సి కోత మిషన్ మీద పనిచేసే ఒక స్నేహితుడికి పంపి, రాత్రి షిఫ్టులో కొత్త ప్లేటు కోయించింది. దీన్ని బిగించి, గేర్‌బాక్స్ ఎక్కించి, రేపు శ్రావణ్‌కుమార్ వచ్చేసరికి బండి తయారుగా పెట్టి, నాయినతో బేరింగు పాతదై పోయింది, మార్చిన అని చెబుదామనుకుంది. పాపిష్టి ఆలోచనేం కాదు. కన్నతండ్రి మీద ప్రేమతో చేసిందే.

అదిగో, సరిగ్గా అప్పుడే గేటు ముందు షేర్ ఆటో ఆగింది.

దిగింది ఐలన్నే. మొహమంతా చెమట, చంకలో సంచి, అడుగుల్లో తొందర. సృజన చేతికందిన గోనెపట్టా లాగి రెండో ప్లేటు మీద కప్పేసింది. ఐలన్న అదేం చూడలేదు. లోపలికి వస్తూనే మొదలుపెట్టాడు. చుట్టాలింటి పక్కన పిండి గిర్ని ఉందట. పొద్దున అది నడుస్తుంటే సన్నగా కూత. ఎక్కడో విన్న కూత. ఆయనకు విస్తరి ముందు అన్నం సహించలేదు. లేచిపోయి గిర్ని ఆపించి చూస్తే, మోటారు ఒక దిక్కు, గిర్ని షాఫ్టు ఒక దిక్కు. దాన్ని సరిచేయించాడు, కూత ఆగింది. చెయ్యి కడుక్కుని మొదటి ఆటో పట్టుకుని వచ్చేశాడు.

"బిడ్డా, బేరింగు గాదు, ఏం గాదు" అన్నాడు. "ప్లేటే. నా ప్లేటే జరిగినట్టున్నది. గేజీ పెట్టి సూడాలె."

సృజన ఏ మాట ఆయన చెవిన పడకూడదని రాత్రంతా అవస్థ పడిందో, ఆ మాటే ఆయన ముప్ఫై కిలోమీటర్లు మోసుకొచ్చి చెబుతున్నాడు. అది కూడా దిగాలుగా కాదు, ఏదో నిధి జాడ దొరికినవాడిలా కళ్లు మెరిపిస్తూ చెబుతున్నాడు. అప్పుడైనా నోరు విప్పితే ఈ కథ ఇంకోలా పోయేది. విప్పలేదు. ఈలోపల మొగులమ్మ ఫోను. తినకుండానే లేచొచ్చిండు మీ నాయిన, పది మందిల నా ఇజ్జత్ పాయె, నలుగురూ గిన్నె పట్టుకుని వెతుకుతుండ్రు అని ఆమె మొత్తుకుంటుంటే సృజన ఊఁ ఊఁ అంటూ నిలబడింది. ఆ సందులో ఐలన్న కారు కిందికి దూరి చూద్దామని, కింద పరుచుకోవడానికి గోనెపట్టా లాగాడు.

తళతళలాడుతూ కొత్త ప్లేటు.

ఆయన గొంతుక్కూర్చుని ప్లేటును రెండు చేతులా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. బోల్టు రంధ్రంలో గోరు పెట్టి తిప్పాడు. ముందు ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు. మంచి పని చూసిన పనివాడి ఇష్టం. ఎంత నున్నగా తెగిందో, మిషన్ ఎంత నిదానంగా నడిపారో అడిగి తెలుసుకున్నాడు కూడా. సృజన పొడిపొడిగా జవాబులు చెప్పింది. అడగాల్సినవన్నీ అయిపోయాక, ప్లేటును మెల్లగా నేల మీద పెట్టి కూతురి వైపు తిరిగాడు.

"ఎప్పుడు కోపిచ్చినవ్?"

"రాత్రి."

"గేజీ పెట్టి సూసినవన్నట్టు."

"సూసిన నాయినా."

"నాకు ఫోను జేయబుద్ధి గాలేదా?"

సృజన తల దించుకుంది. నీ మనసు కష్టపడుతదని చెప్పలే, మళ్లీ మంచంల కూసుంటవని భయపడ్డ అంది.

"తప్పు జేసినవు అంటే నేనేం సచ్చిపోను బిడ్డా" అన్నాడు ఐలన్న. "నా తప్పును నా ఎనక నువ్వు సరిజేస్తే, ఇగ నేను ఈడ ఏం పనికొస్త? నాకు బువ్వ కలిపి నోట్లె పెట్టినట్టే గదా. ముసలోన్ని చేసి కూసోవెట్టినవు."

గొంతు పెంచలేదు. పెంచితే సృజనకు కాస్త నయంగా ఉండేది. ఆమెకు నిజంగా సిగ్గేసింది. నిన్న రాత్రి దయ అనుకున్నది ఇవాళ పొద్దున అవమానమై కూర్చుంది. ఏడుపు ఆపుకుంటూ క్షమించమని అడిగింది. ఆయన, సరే, ఆ గేజీ ఇటు తెమ్మన్నాడు.

పనిలో పడితే ఐలన్న వేరే మనిషి. తన పాత ప్లేటును మళ్లీ ఇంజన్‌కు బిగించి, సృజన ఎలా కొలిచిందో అలాగే ఒకసారి కొలవమన్నాడు. ఆమె గేజీ స్టాండు తగిలించి తిప్పింది. అవే లెక్కలు వచ్చాయి. ఎడమకు ఇరవై రెండు, పైకి పద్దెనిమిది. ఐలన్న లెక్క చూడలేదు, స్టాండు చూశాడు. మూరెడు పొడుగు సన్నటి రాడ్డు, దాని చివర బరువైన గేజీ. మొన్నీమధ్య ఆన్‌లైన్‌లో తెప్పించింది. చిటికెనవేలితో రాడ్డు కొసను తట్టాడు. అది ఊగింది.

షెడ్డు మూల ఉన్న లావుపాటి పైపు ఒకటి తెచ్చి దిమ్మెల మీద పెట్టాడు. స్టాండును ఆ పైపుకే బిగించి, గేజీ ముల్లును కూడా ఆ పైపు మీదే ఆనించాడు. పైపుతో పాటే గేజీ తిరుగుతుంది. అంటే ముల్లు కదలడానికి కారణమే లేదు, సున్నా మీద సున్నాగా ఉండాలి. పైన ఉన్నప్పుడు సున్నా పెట్టి, పైపును నెమ్మదిగా దొర్లించి గేజీని కిందికి తెచ్చాడు. ముల్లు కదిలింది. ఐదు, పది, ఇరవై దాటి ముప్ఫై ఆరు దగ్గర ఆగింది.

సృజన కళ్లార్పకుండా చూసింది. మళ్లీ తిప్పమంది. మళ్లీ ముప్ఫై ఆరే. మూడోసారి తనే తిప్పింది. అదే.

"రాడ్డు వంగుతుంది బిడ్డా, దాని బరువుకే" అన్నాడు ఐలన్న. "పైన ఉన్నప్పుడు ఒక దిక్కు, కిందికొచ్చినప్పుడు ఇంకో దిక్కు. పంపులు అలైన్ చేసేటోడు పొద్దుగాల్నే మొట్టమొదలు సూసేది ఇదే."

ముప్ఫై ఆరులో సగం పద్దెనిమిది. ప్లేటు పైకి జరిగిందని గేజీ చెప్పిన పద్దెనిమిది గీతలు ప్లేటువి కావు, ఆ రాడ్డువి. పైకీ కిందికీ ఐలన్న ప్లేటు సరిగ్గానే ఉంది. సృజన లేని తప్పును సరిచేసి, కొత్త ప్లేటును పద్దెనిమిది గీతలు కిందికి దించి కోయించింది. దాన్ని బిగించి ఉంటే, కొత్త బేరింగు కూడా వారం తిరక్కుండా కూసేది. అదే నోటితో మళ్లీ నాయినకు ఇంకో అబద్ధం చెప్పాల్సి వచ్చేది.

అలాగని ఐలన్న గెలిచాడనుకోకండి. పక్కకు కొలిచేటప్పుడు రాడ్డు వంగినా లెక్క మారదు. ఎడమకు ఇరవై రెండు గీతలు నికార్సైన తప్పు, అది ఆయనదే. ఎక్కడ జరిగిందో ఆయనే వెతికి పట్టుకున్నాడు. షీటుకు ఎడమ వైపు టేపు అంటించి అక్కడి నుంచి సుత్తి మొదలుపెట్టాడట. కొట్టినకొద్దీ షీటు ఆ దిక్కుకు సాగింది. ఇన్నేండ్లూ గ్యాస్కెట్లన్నీ గట్లనే సాగినయేమో, ఎవడు కొలిచిండు అని నవ్వాడు. ఆ నవ్వు చూసి సృజన ప్రాణం లేచొచ్చింది. తప్పు దొరికినందుకు ఒక మనిషి ఇంత తేలిక పడతాడని ఆమెకు తెలియదు.

మూడో ప్లేటు కోయాలని ఇద్దరూ తేల్చుకున్నారు. కొలత ఐలన్న పట్టాలి, డ్రాయింగ్ సృజన గీయాలి, కోత మిషన్ కోయాలి. కోసిన పిల్లగాణ్ణి ఇప్పుడే పిలువు, కొలత పట్టేటప్పుడు వాడు కూడా ఉంటే మంచిదన్నాడు ఐలన్న. సృజన ఫోను చేసింది. పది నిమిషాల్లో వస్తానన్నాడు అతను. రేపు శ్రావణ్‌కుమార్ వస్తే మిషన్ ఆలస్యమైందని చెబుదామా అని అడిగింది సృజన, అలవాటు కొద్దీ. ఐలన్న ఆమె మొహంలోకి చూశాడు, ఆమె నాలుక కరుచుకుంది. రెండు ప్లేట్లూ శ్రావణ్‌కుమార్ ముందు పెట్టి, ఏది ఎవరి తప్పో చెప్పాలని ఒప్పుకుంది.

అప్పుడు ఐలన్న మామూలుగానే అడిగాడు, ప్లేటు కోసిన పిల్లగాడు ఎవరింటోడని.

సృజన తడబడింది. ఆ పేరు ఇంట్లో చెప్పని పేరు. పాత పాఠకులకు తెలుసు, ఏడాదిగా ఇద్దరూ ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకున్నారు. తన వైపు నుంచి షెడ్డు నిలదొక్కుకున్నాక చెబుదామని ఆమె ఆగింది. అతను ఎందుకు ఆగుతున్నాడో అడిగితే, సమయం రావాలె అంటాడు, అంతకు మించి చెప్పడు. ఇవాళ్టికి దాచింది చాలనుకుంది సృజన.

"సునీల్ నాయినా. ఎల్లయ్య కాక కొడుకు, సునీల్‌కుమార్."

ఐలన్న చేతిలోని పానా బల్ల మీద పెట్టేశాడు. మొహంలో నవ్వు ఎవరో చేత్తో తుడిచినట్టు పోయింది. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. ఎల్లయ్య చుట్టం కాదు, ఆయనతో పాటే కంపెనీలో చేరినవాడు, ఒకే బస్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు పక్కపక్క సీట్లు. కంపెనీలో ప్రమాదమై ఎల్లయ్య కుడి చేతి వేళ్లు ముడుచుకుపోయాయని, ఉద్యోగం పోయిందని, తరువాత రాకపోకలు తగ్గాయని సృజనకు తెలుసు. అందరికీ తెలిసింది అంతే.

"బిడ్డా, దాచుడు తప్పని నీకు చెప్పిన గదా. నాకెట్ల ఎరుక అనుకున్నవు?" అన్నాడు.

అక్కడి నుంచి ఆయన చెప్పింది సృజన నిలబడే వింది. కంపెనీలో వేడి ఆసిడ్ పంపు ఒకటి. దాన్ని మోటారుకు కలిపి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టింది కొత్తగా వచ్చిన ఇంజనీరు. ఇంకా నెల జీతం కూడా తీసుకోని పసివాడు. సోమవారం ఐలన్న గేజీ పెట్టి చూస్తే షాఫ్టు పక్కకు ఉంది. ఆ పిల్లవాడు కాళ్లావేళ్లా పడ్డాడు. రాసిపెట్టకండి, నా ఉద్యోగం పోతుంది అని ఏడ్చాడు. ఐలన్నకు జాలేసింది. ఆదివారం పంపు ఆపినప్పుడు తనే చడీచప్పుడు లేకుండా సరిచేద్దామనుకున్నాడు. శుక్రవారమే సీలు పగిలి ఆసిడ్ చిమ్మింది. ఆ సమయానికి పంపు పక్కన వాల్వు తిప్పుతున్నది ఎల్లయ్య.

విచారణ పెట్టారు. ఎల్లయ్య వాల్వు జోరుగా తిప్పినందుకే పగిలిందని రాశారు. ఐలన్నను కూడా పిలిచి అడిగారు.

"నాకేం ఎరుకలేదని చెప్పిన" అన్నాడు ఐలన్న. "అప్పుడు నోరు తెరిస్తే పిల్లగాడూ పోతడు, నేనూ పోత. ఎల్లయ్య చెయ్యి మాత్రం తిరిగి రాదు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్న. నెల తిరిగినంక ఆ కంపెనీ గేటు దాటి లోపటికి పోబుద్ధి గాలేదు. మోకాళ్ల నొప్పులని మీ అమ్మకు అబద్ధమాడి ఇంట్ల కూసున్న. ఎల్లయ్యకు ఇప్పటికీ తన చేతులతోటే తన చెయ్యి కాల్చుకున్నననే ఉంటది."

సృజనకు తండ్రి మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, వాటి రెంటినీ తోసుకుంటూ ఒక భయం వచ్చింది. ఎల్లయ్య కాక కొడుకు పది నిమిషాల్లో వస్తానన్నాడు. అందులో ఎనిమిది అయిపోయాయి.

బయట బండి ఆగింది. సునీల్ హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసిన కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా మొహంలో ఉత్సాహం. ఏ ప్లేటు తప్పు, ఎంత తప్పు అని అడగబోయి, స్టూలు మీద ఐలన్నను చూసి ఆగిపోయాడు. మర్యాదగా పలకరించాడు.

"సునీలూ, కూసో బిడ్డా" అన్నాడు ఐలన్న. "ప్లేటు సంగతి తర్వాత. మీ నాయిన చెయ్యి గురించి నీకొక మాట చెప్పాలె."

సునీల్ వెనక నిలబడ్డ సృజన, వద్దని తల ఊపింది. గబగబా, రెండుసార్లు. దాచడం గురించి ఇంతసేపూ విన్న చెవులు, ఏడ్చిన కళ్లు, తప్పు ఒప్పుకున్న నోరు అన్నీ ఆమెవే. అయినా వద్దని తల ఊపింది. ఐలన్న అది చూశాడు. చూసి కూడా సునీల్ వైపే తిరిగాడు.

"ఆ దినం తప్పు మీ నాయినది గాదు. పంపు షాఫ్టు జరిగి ఉన్నదని నాకు నాలుగు దినాల ముందే ఎరుక. నేనే చెప్పలేదు."

సునీల్ ఉలిక్కిపడలేదు. హెల్మెట్‌ను బల్ల మీద రెండు ప్లేట్ల పక్కన పెట్టాడు. సృజన వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో ఆమెకు ఎన్నడూ తెలియని అలసట కనిపించింది.

"ఎరుకే కాకా. ఆ ఇంజనీరు దవాఖానకొచ్చి మా నాయిన కాళ్లు పట్టుకొని అంతా చెప్పిండు. మొదటేడు నువ్వొస్తవని సూసిండు మా నాయిన. నువ్వు రాలే. ఇప్పుడు నీ పేరెత్తితే అన్నం ముందటి నుంచి లేచిపోతుండు" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి అడిగాడు. "సృజన ఎవరి బిడ్డనో మా ఇంట్ల ఎట్ల చెప్పాలె, నువ్వే చెప్పు కాకా."